ఒక్కొక్కటీ తీసి చూడటం

జూన్ 3

చెల్లాయ్,

ఈ ఉత్తరం రాయకుండానే ఊరుకుందామనుకున్నాను. రాస్తే, రాలేనని రాయాలి. రాయకపోతే నీకు తోచినట్టు ఊహించుకుంటావు. నీ ఊహల్లో నేను ఎప్పుడూ చచ్చిపోతూనైనా ఉంటాను, నీ మీద అలిగైనా ఉంటాను. ప్రస్తుతానికి రెండూ కాదు కాబట్టి కలం పట్టుకున్నాను.

నీ కంటి ఆపరేషనుకు తోడుగా వస్తానని మాటిచ్చాను. రాలేను. ఒంట్లో నలతగా ఉంది, లోపల ఎక్కడో వాపు అన్నారు, ప్రయాణాలు వద్దన్నారు. అంతకుమించి రాయను. నా ఉత్తరాలు నీకు పక్కింటావిడ చదివి వినిపిస్తుందని తెలుసు. అమ్మా, ఈ ముక్క కూడా గట్టిగా చదవండి: నా లోపలి సంగతులు మీకు అక్కర్లేదు. నమస్కారం.

ఫోను చేయకు. ఉద్యోగమంతా లిఫ్టు మోటారు గదుల్లో గడిపిన చెవులివి. ఫోనులో నువ్వు ఏడ్చినా నవ్వినా నాకు ఒకే గరగర.

ఇంట్లో కూర్చుంటే పాత సంగతులు గుర్తొస్తున్నాయి. ఒకసారి రెండంతస్తుల మధ్య లిఫ్టు ఆగిపోయింది. లోపల ఒక వకీలు, ఒక బెలూన్లమ్మేవాడు. నేను వెళ్ళి తలుపు తెరిచేసరికి వకీలుగారు కోటు విప్పేసి, బుగ్గలు పూరించి బెలూన్లు ఊదుతున్నారు. లిఫ్టు పెట్టె నిండా ఎరుపు, పసుపు. ఆ బెలూన్లవాడు మూలన కూర్చుని ముడులు వేస్తున్నాడు. "ఏమిటండీ ఇది?" అంటే, "ఊరికే కూర్చుంటే భయమేస్తోందయ్యా" అన్నాడాయన. నేనూ ఇప్పుడు ఊరికే కూర్చోలేకే నీకు ఈ కథ రాశాను.

కళ్ళు జాగ్రత్త.

మాట తప్పిన
నీ అన్నయ్య


జూన్ 11

అన్నయ్యా,

ఉత్తరం అందింది. పక్కింటావిడ చదవలేదు. ఆవిడ చేత చదివించుకోవడం ఎప్పుడో మానేశాను. చదువుతూ చదువుతూ మధ్యలో తన అభిప్రాయం కలిపేది, ఏది నీ మాటో ఏది ఆవిడ మాటో తెలిసేది కాదు. ఇప్పుడు భూతద్దం పెట్టుకుని నేనే ఒక్కో అక్షరం పట్టుకుంటున్నాను. అందుకని అక్షరాలు పెద్దవి రాయి, అబద్ధాలు చిన్నవి రాయి.

వకీలుకేమో అరపేజీ, నీ జబ్బుకు ఒక్క వాక్యమా? కోడలు పంపనంటోందా? నేనేమైనా అన్నానని మనసులో పెట్టుకున్నావా? పోయినసారి వచ్చినప్పుడు నీ చొక్కా బొత్తాలు చూసి నవ్వాను, అదేనా?

ఇక్కడ నా సంగతి విను. సూదిలో దారం ఎక్కించడానికి దారిన పోయేవాళ్ళను పిలుస్తున్నాను. నిన్న పోస్టుమాన్ ఎక్కించి పెట్టాడు, పాపం. నీలం అడిగితే నల్లది ఎక్కించాడు, నాకూ తెలియలేదు. నీలం చొక్కాలకు నల్ల కుట్లు వేసి కూర్చున్నాను. బడి తెరిచేలోగా పిల్లల బట్టలు ఇవ్వకపోతే వాళ్ళు ఇంకొకర్ని చూసుకుంటారు. ఇన్నేళ్ళుగా కుడుతున్నానని జాలిపడరు, చొక్కా లేని పిల్లాణ్ణి లైన్లో నిలబెట్టలేరు కదా.

కంటి డాక్టరు, ఆపరేషను అయ్యాక వంగకూడదు, బరువెత్తకూడదు, రోజూ చుక్కలు వేయడానికి మనిషి ఉండాలి అన్నాడు. మా అన్నయ్య వస్తాడని చెప్పి వచ్చాను. పక్కింటావిడ నేను వేస్తానంటోంది గాని, మాట్లాడేటప్పుడు ఆవిడ చేతులు ఆడతాయి, ఆవిడ ఎప్పుడూ మాట్లాడుతుంది.

నువ్వు వచ్చేదాకా ఆగుతాను. అసలు సంగతి రాయి.

నీ చెల్లెలు


జూన్ 20

చెల్లాయ్,

భూతద్దం పెట్టుకుని చదవాల్సిన విషయం కాదు, కానీ నువ్వే అడిగావు.

పెద్దపేగు లోపలి పొర వాచి పుండ్లు పడ్డాయట. రక్తం పోతోంది. పిలుపు వచ్చిందంటే జవాబివ్వడానికి గడువుండదు. గౌరవంగా బతికిన మనిషిని, వరండాలో పక్కింటాయన నమస్కారం పెడుతుంటే ప్రతినమస్కారం పెట్టకుండా లోపలికి పరుగెత్తాను. ఆయన ఇప్పుడు నాతో మాట్లాడటం లేదు.

నా ప్రపంచం ఎంతో చెబుతాను. కుర్చీ, దాని ఎదురుగా స్నానాలగది తలుపు. వీధిలోకి దిగితే మందుల షాపు వెనకాల ఒక మరుగుదొడ్డి ఉంది, షాపాయన తాళంచెవి ఇస్తాడు, ఇచ్చేముందు మొహం చూస్తాడు. ఆ తర్వాత ఏమీ లేదు. వీధి చివర మీ ఊరి బస్సు ఎక్కితే దారిలో ఒక్కచోట ఆగుతుంది, అదీ డ్రైవరుకు టీ కావాలి కాబట్టి. నా పేగు, డ్రైవరు టీ ఒకే సమయానికి కలవాలి. నువ్వే చెప్పు.

డాక్టరమ్మది చిన్న వయసు, మొహమాటం లేదు. రెండు రకాల మాత్రలిచ్చింది. చిన్నవి వాపును గబగబా అణచడానికి. వారం వారం తగ్గించుకుంటూ వెళ్ళి ఆపేయాలి. పెద్దవి రోజూ వేసుకోవాలి, బాగున్నా వేసుకోవాలి. "ఎన్నాళ్ళమ్మా?" అన్నాను. "నేను ఆపమనేదాకా" అంది. తిండి గురించి ఏమందంటే, వాపు చల్లారేదాకా కారం, పాలు, పచ్చి కూరలు, పొట్టుతో ఉన్న గింజలు వద్దు. తగ్గాక ఒక్కొక్కటీ కొంచెంగా కలుపుకుంటూ చూడాలి. ఎవరికి ఏది పడదో వాళ్ళ పేగే చెప్పాలట.

ఇందులో "వద్దు" అన్నది మాత్రం మన కోడలి చెవిన పడింది. "కలుపుకోవాలి" అన్నది గుమ్మం దగ్గరే ఆగిపోయింది. మొన్న ఇలా జరిగింది.

"మామయ్యా, నిన్న బంగాళాదుంప తిన్నాక మూలిగారు."

"కుర్చీలోంచి లేస్తూ మూలిగానమ్మా. అది మోకాలు."

"ఏమో, ఎందుకొచ్చింది. వద్దులెండి."

మోకాలు చేసిన నేరానికి బంగాళాదుంప పోయింది. మిగిలింది మెత్తటి అన్నం, ఉప్పు, తొక్క తీసి ఉడికించిన తెల్లటి కూర ఒకటి. దానికి పేరుంది గాని రుచి లేదు. నాకు ఆశ పుట్టకూడదని కోడలు, అబ్బాయి వంటింటి తలుపేసుకుని తింటారు. చెవులు పోయాయి గాని ముక్కు దివ్యంగా పనిచేస్తోంది, ఆ సంగతి వాళ్ళకు తట్టలేదు. తిన్నాక మా అబ్బాయి మూతి తుడుచుకుంటూ, నా వంక చూడకుండా, గోడ వంక చూస్తూ బయటికి వస్తాడు.

తిండి కోడలి శాఖ, మాత్రలు నా శాఖ. అలా పంచుకున్నాం. ప్యాంటు జారిపోతోంది, బెల్టుకు మేకుతో కొత్త చిల్లులు పొడిచాను. ఆపరేషను నా కోసం ఆపకు.

కుర్చీలో నుంచి
నీ అన్నయ్య


జూన్ 28

అన్నయ్యా,

వాపు సంగతి డాక్టరమ్మ చూసుకుంటుంది. నాకు నీ ఉత్తరంలో కనిపించింది తలుపు. తలుపేసుకుని తింటారా! ముసలాయన్ని బయట కూర్చోబెట్టి! ఆ అమ్మాయి పెళ్ళి బట్టలు నేనే కుట్టాను, అప్పుడు ఎంత వినయంగా చేతులు చాపి నిలబడింది కొలతలకి.

మేకుతో బెల్టుకు చిల్లులు పొడవడమేమిటి నీ మొహం. నీ నడుము చుట్టూ ఒక దారం చుట్టి, కలిసిన చోట కత్తిరించి, ఆ దారం ఉత్తరంలో పెట్టి పంపు. అంకె రాయొద్దు. నీ అంకెలు నేను నమ్మను. ఊపిరి బిగబట్టకుండా చుట్టు. ప్యాంట్లు నేను సరిచేసి ఇస్తాను, ఆ మాత్రం ఇంకా కనిపిస్తోంది.

ఆపరేషను ఆపొద్దంటావు. డాక్టరు దగ్గర నా పక్కన ఎవరున్నారని రాయించను?

నీ చెల్లెలు


జూలై 8

చెల్లాయ్,

ఇదిగో దారం. కోడలి కుట్టుపెట్టెలోంచి దొంగిలించాను, రంగు చూసి నవ్వకు.

శుభవార్త. చిన్న మాత్రలు అయిపోయాయి. రక్తం లేదు, పరుగులు లేవు. నిన్న వరండాలో నిలబడి పక్కింటాయనకు నేనే ముందు నమస్కారం పెట్టాను. ఆయన అనుమానంగా చూశాడు గాని పెట్టాడు. నెలాఖరుకల్లా మీ ఊరు వస్తాను. డాక్టరు దగ్గర తేదీ తీసుకో.

ఎలా బాగయ్యానో చెబుతాను, ఇది డాక్టరమ్మకు కూడా తెలియని పద్ధతి. లిఫ్టు ఆగిపోతే మేమేం చేసేవాళ్ళం? ఒక్కొక్క తీగ విప్పి చూస్తాం. విప్పినా లిఫ్టు అలాగే ఉంటే ఆ తీగది తప్పు కాదు. నా కడుపుకూ అదే చేశాను. పాలు తీసి చూశాను, ఉబ్బరం పోయింది. కొంచెం కలిపి చూశాను, మళ్ళీ వచ్చింది. కాబట్టి పాలు నాకు పడవు, ఇది తేలింది. గోధుమ రొట్టె తీసి చూశాను, తేడా లేదు. కోడలితో ఒక పూటంతా వాదించి రొట్టెను విడిపించుకున్నాను, ఒక ముక్క. ఈ మధ్య ఇంకొకటి కూడా తీసి చూశాను. తీసి చాలా రోజులైంది, ఏ తేడా లేదు. బండి హాయిగా నడుస్తోంది. అదేమిటో వచ్చినప్పుడు చెబుతాను. ఇప్పుడు రాస్తే నువ్వు వరసగా ఉత్తరాలు గుప్పిస్తావు.

కోడల్ని ఏమీ అనకు. భయపడే మనిషి, చెడ్డది కాదు.

రాబోతున్న
నీ అన్నయ్య


జూలై 16

అన్నయ్యా,

దారం అందింది. నువ్వు లిఫ్టు కంపెనీలో పని చేసేటప్పటి నుంచీ నీ కొలత నా దగ్గరుంది. టేపు మీద ఆ కొలత పట్టుకుని పక్కనే నీ దారం పరిచాను. మధ్యలో ఖాళీ ఉంది. ఆ ఖాళీలో నా అరచెయ్యి పెట్టాను, పట్టింది. నా అరచెయ్యంత మా అన్నయ్య లేడు.

భయపడే మనిషి అని రాశావు. భయపడేవాళ్ళు తిండి దాచరు.

నువ్వు తీసి చూసిన ఆ ఇంకొకటి ఏమిటో నాకు తెలిసిపోయింది. రాత్రి భోజనం. పెట్టడం లేదని రాయడానికి నామోషీ వేసి, నేనే మానేశానని గొప్పగా రాశావు. చిన్నప్పుడు నాన్న కొట్టినా నేనే గోడకు తగిలానని చెప్పేవాడివి.

డబ్బా ఒకటి పంపుతున్నాను. నీకు ఇష్టమైన వేపుళ్ళు, కారం చల్లినవి కొన్ని, నువ్వులు బెల్లం పట్టించినవి కొన్ని. కళ్ళు కనిపించక నూనెలో వేలు పెట్టాను, ఫరవాలేదు. కోడలికి చూపించకు, మంచం కింద పెట్టుకుని తిను.

నెలాఖరుకు తేదీ ఇచ్చారు. పక్కన ఎవరుంటారు అని అడిగితే నీ పేరు రాయించాను. మంచానికి కొత్త దుప్పటి కుట్టాను, అంచులు వంకరగా వచ్చాయి, నువ్వు చూడకు.

నీ చెల్లెలు


జూలై 27

చెల్లాయ్,

ఆసుపత్రి నుంచి రాస్తున్నాను. చేతికి సెలైను సీసా కట్టారు, అందుకే గీతలు ఇలా ఉన్నాయి.

నీ డబ్బా వచ్చింది. మంచం కింద పెట్టుకుని తిన్నాను. ఆపలేకపోయాను, ఎన్ని నెలల తర్వాతో నోటికి కారం తగిలింది. తర్వాత మళ్ళీ రక్తం, ఈసారి మొదటిదానికన్నా ఎక్కువ. స్నానాలగదిలో పడిపోతే అబ్బాయి తలుపు గడియ విరగ్గొట్టి తీశాడు.

"ఏం తిన్నారు?" అని డాక్టరమ్మ అడిగింది. నేను నోరు తెరిచేలోగా కోడలు డబ్బా తెచ్చి టేబులు మీద పెట్టింది. మూత తీసి వాసన చూపించింది. నేను తలూపాను.

నిన్ను తప్పు పట్టడం లేదు. ప్రేమతోనే పంపావు. కానీ కడుపులో పుండున్నవాడికి కారం చల్లేటప్పుడు ఒక్కసారి ఆగి ఉండాల్సింది.

ఇక్కడ కిటికీ ఉంది, తెరుచుకోదు. పక్క మంచం ఆయన రోజంతా గోడవైపు తిరిగి పడుకుంటాడు. భోజనం బండి వచ్చినప్పుడు మాత్రం ఇటు తిరుగుతాడు, అది నా దగ్గర ఆగదు. పెద్దపేగు తీసేయాల్సి వస్తుందేమో అని పెద్ద డాక్టర్లు తలుపు దగ్గర మాట్లాడుకున్నారు. నాకు వినపడలేదు, అబ్బాయి మొహంలో చదువుకున్నాను.

రాలేను. నీ తేదీకి ఇంకెవరినైనా చూసుకో.

అన్నయ్య


ఆగస్టు 4

అన్నయ్యా,

డబ్బాలు ఇక రావు.

ఆపరేషను వద్దని చెప్పి వచ్చాను. నా చేత్తో నీకు విషం పెట్టాను, ఇక కళ్ళొచ్చి ఏం చూడాలి. మిషను మీద గుడ్డ కప్పేశాను. బడివాళ్ళకు కబురు చేశాను, కుట్టలేనని.

కోడలితో చెప్పు, తను తలుపేసుకుని తినడమే సరైనదని. తలుపు తీసింది నేను.

జవాబు రాయకు. నీ చేతికి సీసా ఉంది.

చెల్లెలు


ఆగస్టు 13

చెల్లాయ్,

ఇంటికి వచ్చాను. పేగు తీయలేదు, ప్రస్తుతానికి మిగిల్చారు. ఇది కూర్చుని చదువు, నిలబడి చదవకు.

నీ డబ్బా వల్ల రాలేదు.

విడుదల చేసేముందు డాక్టరమ్మ నా మంచం మీదే కూర్చుంది. కోడలు, అబ్బాయి కూడా ఉన్నారు. డాక్టరమ్మ ఒక పలక మీద పెద్ద అక్షరాలతో రాసి చూపిస్తోంది, నా చెవుల సంగతి తెలుసు కాబట్టి. నేను నోటితో జవాబిస్తున్నాను, వార్డు మొత్తానికి వినిపించేలా.

"పెద్ద మాత్రలు రోజూ వేసుకున్నారా?"

"వేసుకున్నానమ్మా."

"ఎప్పటిదాకా?"

"బాగయ్యేదాకా."

ఆవిడ బలపం కింద పెట్టింది. మళ్ళీ తీసింది. "ఎందుకు ఆపారు?"

"తీసి చూశాను. అది లేకుండానే నడిచింది."

నేను తీసి చూసిన ఆ ఇంకొకటి అదే చెల్లాయ్. రాత్రి భోజనం కాదు. కోడలు రాత్రి అన్నం ఏనాడూ మానిపించలేదు.

కోడలు పలక లాక్కుని గబగబా రాసింది: "మామయ్యా, తాడు తెగితే లిఫ్టును పట్టుకునే బ్రేకు ఒకటి అడుగున ఉంటుందని చెప్పేవారు కదా. దాన్ని కూడా తీసి చూసేవారా?"

ఆ బ్రేకు ఉద్యోగమంతా తుడిచాను, నూనె పెట్టాను. అది పనిచేయగా ఎప్పుడూ చూడలేదు. దాని పనే అది. ఇది పనికిమాలిన వస్తువు, తీసేద్దాం అన్న కుర్ర మెకానిక్కును ఒకణ్ణి మెడ పట్టి బయటికి గెంటాను కూడా.

బాగయ్యానని నీకు రాసిన కొన్నాళ్ళకే కొంచెం రక్తం కనిపించింది. నీ డబ్బా రాకముందే. రొట్టె ముక్క మీద అనుమానపడ్డాను, మాత్ర మీద పడలేదు. తర్వాత డబ్బా వచ్చింది. ఆ కారం పుండును మండించిందే గాని పుండును పుట్టించలేదు, ఆ మాట డాక్టరమ్మే పలక మీద రాసింది. కారంతో పుండు పుట్టేట్టయితే నా దగ్గరికి ఊరంతా రావాలి అని కూడా రాసింది. ఆసుపత్రిలో కోడలు డబ్బా చూపించినప్పుడు నాకు హాయిగా అనిపించింది, తప్పు నా మంచం కింద దొరికింది, నా జేబులో కాదు అని. అందుకే తలూపాను. అందుకే నీకు అలా రాశాను.

తర్వాత డాక్టరమ్మ కోడలి వంతు కూడా చూసింది. ఇంత బరువు ఎలా తగ్గనిచ్చారని, కలుపుకోమంటే ఎందుకు తీసేశారని. ఆ అమ్మాయి నా దుప్పటి అంచు మడతపెడుతూ ఏదో అంది. నేను తర్వాత అబ్బాయిని అడిగి రాయించుకున్నాను. "మొట్టమొదట రక్తం పోయిన రోజు స్నానాలగదిలో నేల తుడిచింది నేనే. అప్పటి నుంచి ఏ గిన్నె మూత తీసినా అదే కనిపిస్తోంది" అందట.

చెల్లాయ్, మిషను మీద గుడ్డ తీసెయ్. డాక్టరు దగ్గరికి వెళ్ళు. నా మీద కోపంతోనైనా వెళ్ళు.

నీ అన్నయ్య


సెప్టెంబరు 2

అన్నయ్య అనబడే మహానుభావుడికి,

నీకు చదువుకున్నవాడినని గర్వం. బడికి పోకుండానే అన్నీ చదివానని. చదివి చదివి, బాగున్నా వేసుకోవాలి అన్న ఒక్క ముక్క దగ్గర బుద్ధి గడ్డి తిన్నదా? నా చేతి డబ్బా విషమని నేను ఎన్ని రోజులు ఏడ్చానో తెలుసా? పక్కింటావిడ నాకు అన్నం కలిపి నోట్లో పెట్టింది. ఏడుస్తూ ఉంటే ఆవిడ కూడా ఏడ్చింది, ఎందుకో ఆవిడకు తెలియదు.

ఒక కంటికి ఆపరేషను అయింది. పక్కన ఎవరుంటారు అంటే పక్కింటావిడ పేరు రాయించాను. చుక్కలు కూడా ఆవిడే వేస్తోంది. వేసేటప్పుడు మాట్లాడనని ఒట్టు పెట్టించాను. పాపం, ఊపిరి కూడా బిగబట్టి వేస్తుంది. అయ్యాక బిగబట్టిన మాటలన్నీ ఒక్కసారి వదులుతుంది.

కట్టు విప్పగానే ఏం కనిపించిందో చెప్పనా? నేను కుట్టిన ఆ దుప్పటి. అంత వంకరగా ఉందని తెలిస్తే నిన్ను పిలిచేదాన్ని కాదు. నా ముడతలు కూడా కనిపించాయి, అది వేరే సంగతి.

బడివాళ్ళు బట్టలు ఇంకొకరికి ఇచ్చేశారు. అడిగితే, మీరే వద్దన్నారు కదమ్మా అన్నారు. నేనే అన్నాను. ఇప్పుడు జేబులు, బొత్తాలు, చిరుగులు కుడుతున్నాను. సూదిలో దారం నేనే ఎక్కిస్తున్నాను. పోస్టుమాన్ వచ్చి, ఇవాళ దారం లేదా అని అడిగి వెళ్ళాడు.

కోడలికి ఉత్తరం రాయాలనుంది, చేయి రావడం లేదు. నువ్వే చెప్పు ఏదో ఒకటి, నేను అన్నట్టుగా.

రెండో కన్ను చలికాలం మొదట్లో చేస్తారట. పక్కన ఎవరుంటారు అనే చోట ఇంకా ఏమీ రాయించలేదు.

నీ చెల్లెలు


సెప్టెంబరు 15

చెల్లాయ్,

నీ తిట్లు అందాయి. భూతద్దం లేకుండా రాసిన అక్షరాలు గుండ్రంగా ఉన్నాయి.

నీ మాటగా కోడలికి చెప్పాను. ఏమని చెప్పానో రాయను, నువ్వు చెప్పేదానికన్నా బాగా చెప్పాను. ఆవిడ, "అత్తయ్యగారి డబ్బా కడిగి పెట్టాను, పంపించాలా?" అంది. అంతే.

మళ్ళీ చిన్న మాత్రలు మొదటినుంచి. అవి వేసుకుంటే నిద్ర రాదు, మొహం ఉబ్బుతుంది, ఆకలి మాత్రం దెయ్యంలా వేస్తుంది. పెద్దవి ఇప్పుడు నా శాఖలో లేవు. పొద్దున్నే కోడలు గ్లాసుతో వచ్చి నిలబడుతుంది. నేను మింగి, నోరు తెరిచి, నాలుక ఎత్తి చూపించాలి. గౌరవం అనే మాట ఈ ఇంట్లో ఎవరూ వాడటం లేదు.

బంగాళాదుంప తిరిగి వచ్చింది. మెత్తగా ఉడికించి, తొక్క తీసి, చెంచాడు. కోడలు ఎదురుగా కుర్చీ వేసుకుని నేను నమిలే తీరు చూసింది. మోకాలి మీద చెయ్యి వేసుకుని కూర్చున్నాను, మూలగకుండా. కొన్నాళ్ళు చూసి, ఏమీ కాకపోతే తర్వాతది. పాలు రావు, అవి నిజంగానే పడవు. కారం సంగతి అడిగితే డాక్టరమ్మ కనుబొమ్మలు ఎత్తింది. వంటింటి తలుపు ఇప్పుడు సగం తెరిచి ఉంటుంది. పూర్తిగా తెరవలేదు, నేను అడగలేదు.

బాగయ్యానని రాయను. ఒకసారి రాసి చూశాను. మంచి రోజు ఉంటుంది, ఆ మర్నాడు మళ్ళీ కుర్చీకి, తలుపుకి మధ్యే. ఇది పోయే జబ్బు కాదట, అణిగి ఉండే జబ్బట. మాత్రలూ అంతే, నాతోపాటే ఉంటాయి. ఈ సంగతి నాకు ఇంకా మింగుడు పడలేదు, మాత్రలు మాత్రం పడుతున్నాయి.

రెండో కంటికి వస్తానని రాయడం లేదు. రానని కూడా రాయడం లేదు.

ఇవాళ పొద్దున కోడలు పనికి వెళ్ళాక మెట్లు దిగి వీధి చివరిదాకా నడిచాను. మీ ఊరి బస్సు వచ్చింది. ఎక్కాను. ఎక్కడికి అని కండక్టరు అడిగాడు. తర్వాతి స్టాపుకి అన్నాను. అక్కడ దిగి, బెంచీ మీద కాసేపు కూర్చుని, నడిచి ఇంటికి వచ్చాను.

నీ అన్నయ్య